డాక్టరాంటీ పెట్టిన టిక్కు

డాక్టరాంటీ పోయిందని టెక్సాస్‌లో మా ఫ్రిస్కో తెలుగువాళ్ళ గ్రూప్‌లో మెసేజ్ వచ్చేసరికి పొద్దున్న ఏడున్నర. పాప లంచ్ బాక్స్ సర్దుతున్నాను. కింద వరసగా దండం పెడుతున్న చేతుల బొమ్మలు. ఒకాయన "అమెరికా రాజకీయాల్లో మనకి దారి చూపించిన మనిషి" అని రాశాడు. ఇంకొకాయన ఆవిడ ఎవరో సెనేటర్ పక్కన నిలబడ్డ ఫొటో వెతికి పెట్టాడు, అందులో ఆవిడ సగమే పడింది. పదో మెసేజ్ దగ్గర ఎవరో ఆదివారం పాట్‌లక్‌కి పులిహోర ఎవరు తెస్తున్నారని అడిగారు. మా గ్రూప్ సంగతి అంతే లెండి.

నేనేమీ రాయలేదు. ఆవిడ పేరు కనపడగానే నాకు ముందు ఏడుపు రాదు, భయం వస్తుంది. ఇన్నేళ్ళయినా అంతే. డబ్బా మూత పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. "అమ్మా, బస్ వచ్చేస్తుంది" అని పాప చెప్తే గానీ కదల్లేదు.

అలాగని ఆవిడంటే నాకు ప్రేమ లేదనుకోకండి. ఉంది, అదే వచ్చిన చిక్కు.

ఆవిడ జీవితచరిత్ర మాత్రం నన్నడక్కండి, నాకు తెలీదు. మత్తు డాక్టరుగా చేసి రిటైరయింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. "ముప్పై ఏళ్ళు జనాన్ని నిద్రపుచ్చాను, ఇప్పుడు లేపుతున్నాను" అనేది. ప్రతి మీటింగ్‌లోనూ ఇదే జోకు. ప్రతిసారీ మొదటిసారి వేసినట్టు ఆగి అందరి మొహాలూ చూసేది. నవ్వకపోతే మళ్ళీ చెప్పేది.

మనిషి పొట్టి. నేత చీర, దాని కింద తెల్లటి వాకింగ్ షూస్. మెళ్ళో తాడుకి బాల్‌పెన్ను వేలాడుతూ ఉండేది. ఎక్కడికెళ్ళినా జనాన్ని లెక్కపెట్టేది. మాట్లాడేది మనతోనే, కుడిచేతి బొటనవేలు మాత్రం కణుపుల మీద నడుస్తూ ఉండేది. బారసాలైనా, సంగీత కచేరీ అయినా తేడా లేదు. అంతా అయ్యాక నా చెవిలో "ఎనభై మంది ఉన్నారమ్మాయ్, ఓట్లు పన్నెండే" అనేది, ఎవరికో ఒంట్లో బాగాలేదని చెప్తున్నంత దిగులుగా. కొత్తవాళ్ళు పరిచయమైతే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడగదు. "ప్రమాణం ఎప్పుడు చేశారు?" అనడుగుతుంది. సిటిజన్‌షిప్ ప్రమాణం అన్నమాట. ఇంకా చేయలేదంటే, "ఫరవాలేదు, ఇంటింటికీ తిరిగేవాళ్ళు కూడా కావాలి" అని ఏదో ఒక పని అంటగట్టేది.

నాకు అలాగే అంటగట్టింది. అప్పట్లో నాకు ఉద్యోగం లేదు. మా ఆయన ఆఫీస్‌కి, పాప డేకేర్‌కి వెళ్ళాక ఇంట్లో గడియారం, నేను. ఆవిడ తన పాత కారేసుకొచ్చి హారన్ కొట్టేది. ఆ కారు డిక్కీలో రెండు పార్టీల బోర్డులూ ఉండేవి, ఇళ్ళ ముందు గడ్డిలో గుచ్చేవి. ఒకదాన్నొకటి గీసుకోకుండా మధ్యలో ఓ పాత చీర మడతపెట్టి పెట్టేది.

"మీరు ఏ పార్టీ ఆంటీ?" అనడిగాను ఓసారి.

"నేను సంఘం మనిషిని" అంది. "పార్టీకి గెలవడం కావాలి. దానికి అందరూ కావాలి, అందరికీ అన్నీ చెప్తుంది. సంఘానికి ఒక్క పని కావాలి. ఆ ఒక్క పనీ చేసిపెట్టే వాడెవడైతే వాడే మన పార్టీ."

ఆవిడ పని గ్రీన్‌కార్డ్ క్యూ. ఏళ్ళ తరబడి ఆ క్యూలో నిలబడి, ఉద్యోగం మారలేక, ఇల్లు కొనలేక నలుగుతున్న మన పిల్లల కోసం చట్టం మార్పించాలి. దానికోసం రెండు పార్టీల వాళ్ళనీ ఇంటికి పిలిచేది. ఇద్దరికీ అవే ఇడ్లీలు, అదే కారం లేని చట్నీ. వాళ్ళు వెళ్ళాక మాకు మాత్రం అసలు చట్నీ తీసేది.

వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి నాకు పాఠాలు చెప్పేది. ఎన్నికల ముందు పోస్టులో వచ్చే రంగు రంగుల కాగితాలు పరిచి, "పైన పెద్దక్షరాలు చదవకు. నిన్ను భయపెట్టడానికి వేస్తారవి. కింద చిన్నక్షరాలు చదువు. ఎవరు వేయించారో అక్కడ ఉంటుంది" అనేది. నిజమే. పైన మీ పిల్లల బడి మూతపడుతుందని ఉంటే కింద ఏ భూముల కంపెనీల సమితి పేరో ఉండేది. మీ ఇంట్లోకి దొంగలొస్తారని ఉంటే కింద తుపాకుల సంఘంవాళ్ళ పేరు. నేను ఎం.కాం. చదివాను గానీ, నా ఎదురుగా కూర్చుని నువ్వేమనుకుంటున్నావు అని అడిగిన మొదటి మనిషి ఆవిడే.

ఇరాక్ యుద్ధం నడుస్తున్న రోజులు. ఓసారి ఆంటీ మా ఏరియా కాంగ్రెస్‌మన్, అంటే మన ఎంపీ లాంటాయన, ఆఫీస్‌కి వెళ్ళింది, క్యూ గురించి చెప్పడానికి. అక్కడ ఆయన దగ్గర పనిచేసే బట్టతలాయన అంతా విని, "మీవాళ్ళు ఈ జిల్లాలో ఎంతమంది ఓటర్లు?" అనడిగాడట. ఈవిడ దగ్గర లెక్క లేదు. ఆయన గోడ గడియారం వైపు చూశాడట. ఆ గడియారం సంగతి నాకు పదిసార్లు చెప్పింది. చివరికి ఆయన ఒక మాటిచ్చాడు. ఎన్నికలకి పేర్లు నమోదు చేసే గడువులోగా రెండొందల కొత్త ఓటర్ల ఫారాలు చూపిస్తే కాంగ్రెస్‌మన్ స్వయంగా ఆవిడ ఇంటికొచ్చి మా గోడు వింటాడు.

ఆవిడ కౌంటీ ఆఫీస్‌కి వెళ్ళి, ఓటరు ఫారాలు నింపించి తెచ్చే అనుమతి తీసుకుంది. దసరా రోజుల్లో గుడి బయట చెప్పుల స్టాండ్ పక్కన టేబుల్ వేసింది. టేబుల్ మీద రెండు కట్టలు. ఒకటి క్యూ తగ్గించమని వినతిపత్రం, అది ఎవరైనా సంతకం చేయొచ్చు. రెండోది ఓటరు ఫారాలు, అవి సిటిజన్లకే.

మన ఆడవాళ్ళ సంగతి తెలుసుగా. ఒక చేతిలో ప్రసాదం ప్లేటు, ఇంకో చేతిలో పిల్ల. అందుకని ఫారాలన్నీ ఆవిడే నింపేసేది. పేరు, అడ్రస్ అడిగి రాసేసి, మెళ్ళో పెన్ను తీసి చేతికిచ్చి, "ఇక్కడ" అని వేలు పెట్టి చూపించేది. చూపించిన చోట సంతకం పెట్టేవాళ్ళం. బ్యాంకులో మేనేజర్లుగా చేసినవాళ్ళు కూడా అలాగే పెట్టారు. పెద్దావిడ వేలు పెట్టి చూపిస్తుంటే ఆ కాగితం లాక్కుని పైనుంచి కింద దాకా చదవడం మాలో ఎవరికీ అలవాటు లేదు. చదివితే అనుమానించినట్టు.

సాయంత్రం నాలుగింటికి నేను వెళ్ళేసరికి బట్టతలాయన వచ్చి టేబుల్ పక్కన నిలబడున్నాడు. ఆవిడ మొహం అప్పటికే వాడిపోయింది. నన్ను చూసి, "అమ్మాయ్, ఇలా రా, సంతకం పెట్టు" అంది. పెట్టాను. "ఇక్కడ కూడా." పెట్టాను. ఆవిడ చింపిచ్చిన చిన్న రసీదు ప్రసాదం కవర్లో పడేసుకుని పాపకి చెప్పులు తొడుగుతూ కూర్చున్నాను.

మూడు వారాలకి పోస్టులో నా పేరు మీద ఓటరు కార్డు వచ్చింది.

మా ఆయనది కరీంనగర్, మామూలుగా నెమ్మదస్తుడు. కార్డు తిప్పి తిప్పి చూశాడు. "ఏందిది? నీకెట్ల వచ్చింది?"

"గుళ్ళో ఆంటీ ఏదో సంతకం పెట్టమంటే..."

"మనకొచ్చింది గ్రీన్‌కార్డ్. సిటిజన్లం కాలే. తెల్వదా నీకు?"

తెలుసు. బాగా తెలుసు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని గంటసేపు చదివాడు. నేను వెనకాల నిలబడ్డాను. సిటిజన్ కానివాళ్ళు సిటిజన్ అని చెప్పుకుంటే దేశం నుంచి పంపించేయొచ్చు. మళ్ళీ ఎప్పటికీ రానివ్వకపోవచ్చు. ఆయన కుర్చీ తిప్పి నన్ను చూడలేదు. "పాప ఇక్కడ పుట్టింది. దాన్ని ఏమనరు. నాకేం కాదు. పంపిస్తే నిన్నొక్కదాన్నే పంపిస్తరు" అన్నాడు.

అప్పుడు పాపకి నాలుగేళ్ళు. పక్కగదిలో బొమ్మలకి అన్నం పెడుతోంది. నేను అక్కడే కార్పెట్ మీద కూర్చుండిపోయాను.

ఇంక ఆ భయం ఎలాంటిదో ఏం చెప్పను. పోస్టు బండి చప్పుడైతే కిటికీ తెర కొంచెం జరిపి చూసేదాన్ని. టోల్‌వే మీద వెనకాల పోలీసు కారు కనపడితే వచ్చిన ఎగ్జిట్‌లో దిగిపోయేదాన్ని. ఓటరు లిస్టులో పేరెక్కింది కదా, ఇంక రెండు పార్టీల వాళ్ళూ, వాళ్ళ వెనకున్న సంఘాలూ నన్ను వదల్లేదు. రోజుకి నాలుగు ఫోన్లు, ఏడెనిమిది కాగితాలు, అన్నీ నా పేరు మీద. ప్రియమైన ఓటరు గారికి. ఒకరోజు ఒక కాగితం వచ్చింది. పైన కంచె దూకుతున్న నల్లటి నీడలు. "దొంగ ఓటర్లు మన దేశాన్ని దోచుకుంటున్నారు." ఆవిడ నేర్పినట్టు కింద చిన్నక్షరాలు చదివాను. ఎవరో నిఖార్సైన పౌరుల సమితి. ఆ కాగితం నాకు పంపించారు. ఆ నీడల్లో ఉన్నది నేనేనని వాళ్ళకి తెలీదు. చింపి, చిన్న చిన్న ముక్కలు చేసి, రెండు చెత్తబుట్టల్లో వేశాను, ఎవరైనా అతికించి చూస్తారేమోనని. అంత పిచ్చి పట్టింది నాకు.

కార్డు తీసుకుని ఆవిడింటికి వెళ్ళాను. కాఫీ గ్లాసు కడుగుతోంది. కార్డు చూసి గ్లాసు మళ్ళీ సబ్బు పెట్టి కడిగింది.

"తొందరలో పొరపాటు జరిగిందమ్మాయ్. ఇటివ్వు, నేను చూసుకుంటా" అని చెయ్యి చాపింది. నేను వదల్లేదు. ఇద్దరం ఆ కార్డు రెండు కొసలు పట్టుకుని సింకు దగ్గర కాసేపు నిలబడ్డాం. ఆఖరికి ఆవిడే వదిలింది.

"ఎవరికీ చెప్పకు" అంది. "ఈ ఒక్కటీ బయటపడితే ఆ టేబుల్ మీద నింపిన ప్రతి ఫారమూ దొంగదే అంటారు. గుడి పేరు పేపర్లో వేస్తారు. జనవరిలో కాంగ్రెస్‌మన్ వస్తున్నాడు. బిల్లు పాసవ్వనీ, అప్పుడు చూద్దాం."

నాకు పాప కనిపిస్తోంది, ఆవిడకి బిల్లు కనిపిస్తోంది. ఒళ్ళు మండిపోయింది. కానీ పెద్దావిడ కదా, కార్డు బ్యాగ్‌లో పెట్టుకుని బయటికొచ్చేశాను.

మా ఆయన లాయర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. లాయర్ మూడు మాటలు చెప్పాడు. ఓటరు లిస్టులోంచి పేరు వెంటనే తీయించుకోండి. పొరపాటున కూడా ఓటు వేయొద్దు. రేపు సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో ఎప్పుడైనా ఓటరుగా పేరు నమోదు చేసుకున్నారా అని తప్పకుండా అడుగుతారు, నిజం చెప్పండి. చివర్లో ఇంకోటి కూడా అన్నాడు. ఆ ఫారం నింపినావిడ నేనే నింపానని రాసిస్తే మీకు దారి దొరకొచ్చు. రాసిచ్చినందుకు ఆవిడకి ఇబ్బంది రావచ్చు, అది కూడా ఆవిడకి చెప్పండి.

పేరు తీయించుకున్నాను. కౌంటీ వాళ్ళ ఉత్తరం పాప టీకాల ఫైల్లో పెట్టాను. ఆ ఉత్తరం రాసివ్వమని ఆవిడ ఫోన్‌లో మెసేజ్ వదిలాను, మళ్ళీ చేస్తే ఎత్తదు. గుళ్ళో ఎదురుపడితే చూపు పక్కకి తిప్పుకునేది. ఓసారి అన్నదానం దగ్గర బొటనవేలు కణుపుల మీద నడుపుకుంటూ వస్తోంది, నా దగ్గరికొచ్చేసరికి వేలు ఆగింది, నన్ను దాటేసి నా పక్కావిడ దగ్గర మళ్ళీ మొదలైంది. అది నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

జనవరిలో కాంగ్రెస్‌మన్ నిజంగానే వచ్చాడు. "పోదాం పా. నిన్ను చూస్తెనన్న రాసిస్తదేమో" అని మా ఆయన బలవంతాన తీసుకెళ్ళాడు. ఆవిడ హాలు నిండా జనం. ఇల్లు నిండుగా కనపడాలని హెచ్‌వన్ వీసా మీదున్న, ఓట్లు లేని కుర్రకారుని కూడా పిలిచి వెనక వరసల్లో నిలబెట్టింది. కాంగ్రెస్‌మన్ అందరితో చేతులు కలిపాడు, ఇడ్లీ ఒకటి తుంచాడు. తర్వాత నవ్వుతూ, "ఈ ఇంటావిడ వల్ల కొత్తగా ఓటర్లయినవాళ్ళు చేతులెత్తండి, థాంక్స్ చెప్పుకుంటాను" అన్నాడు.

అక్కడొకటి, ఇక్కడొకటి లేచాయి. చాలామంది రాలేదు, పనిరోజు మధ్యాహ్నం మరి. బట్టతలాయన చేతులు లెక్కపెడుతున్నాడు. ఆవిడా లెక్కపెడుతోంది. తక్కువొచ్చాయి. ఆవిడ చూపు గది అంతా తిరిగి నా మీద ఆగింది. ఇప్పుడు ఎత్తమంటే ఎత్తేస్తానేమోనని నా చెయ్యి మీద నాకే నమ్మకం లేక, మా ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను. ఆవిడ నన్నే చూస్తూ, ఎవరికీ కనపడనంత చిన్నగా తల అడ్డంగా ఊపింది. వద్దని.

కాంగ్రెస్‌మన్ పావుగంట కూడా లేడు. క్యూ గురించి మా ఆఫీస్ చూస్తుంది అన్నాడు. బట్టతలాయన వెళ్తూ వెళ్తూ, పక్క ఊళ్ళో ఇంకో సంఘం వాళ్ళు అయిదొందల ఫారాలు తెచ్చారని ఆవిడకి వినపడేలా అన్నాడు. గిన్నెనిండా ఇడ్లీలు మిగిలిపోయాయి. నేను వంటింట్లోకి వెళ్ళి, "ఆంటీ, ఆ ఉత్తరం" అన్నాను. "ఇప్పుడు కాదమ్మాయ్, బిల్లు పాసవ్వనీ" అంది, నా వైపు తిరక్కుండా.

బిల్లు ఆ ఏడూ పాసవ్వలేదు, ఆ తర్వాతా లేదు. ఒక పార్టీ ముందుకు తోస్తే రెండో పార్టీ పక్కన పడేసింది. తర్వాత వాళ్ళూ వాళ్ళూ తారుమారయ్యారు. నాలుగేళ్ళు నేను దేశం దాటలేదు. వెళ్తే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారేమోనని మా చెల్లి పెళ్ళికి కూడా వెళ్ళలేదు. పాపకి పరీక్షలని అబద్ధం చెప్పాను, అప్పుడది ఫస్ట్ గ్రేడ్. మా చెల్లి ఇప్పటికీ దెప్పుతుంది.

చివరికి సిటిజన్‌షిప్‌కి అప్లై చేసే టైమొచ్చింది. ఫోన్ ఎత్తదని తెలుసు. అప్లికేషన్ చేత్తో పట్టుకుని తిన్నగా ఆవిడింటికే వెళ్ళాను. తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. బల్ల మీద ఆ పేజీ పెట్టి, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అన్న ప్రశ్న మీద వేలు పెట్టాను.

కళ్ళజోడు పెట్టుకుని ఆ ఒక్క లైను చాలాసేపు చదివింది. తర్వాత లేచి తెల్లకాగితం తెచ్చుకుని కూర్చుంది.

"ఆరోజు పొరపాటని చెప్పాను కదా" అంది. "పొరపాటు కాదు. నీకు గ్రీన్‌కార్డ్ వచ్చిందని మీ ఇంట్లో బొబ్బట్లు తిన్నానే, నాకు తెలీకపోవడమేంటి. లెక్క తక్కువొచ్చింది. ఆ బట్టతలాయన పక్కనే నిలబడి గడియారం చూస్తున్నాడు. కట్ట ఆయన చేతికిచ్చి చూపించి, ఇంటికెళ్ళాక నీది తీసేద్దామనుకుని సిటిజన్ గడిలో టిక్కు పెట్టాను. ఆయన కట్ట పట్టుకుని మొదటిసారి నన్ను చూసి నవ్వాడమ్మాయ్. ఇంటికెళ్ళాక తీయబుద్ధి కాలేదు."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "నా పాప గురించి ఆలోచించలేదా మీరు?" అనేశాను. ఆవిడతో నేను గొంతెత్తడం అదొక్కసారే.

"లేదు" అంది.

లాయర్ ఆవిడతో ఫోన్‌లో మాట్లాడాడు. అడక్కుండా నింపానని రాస్తే చాలు, తెలిసే చేశానని రాస్తే మీ మీదకే వస్తుంది, కేసు కూడా కావచ్చని చెప్పాడు. ఆవిడ రెండూ రాసింది. నేనే నింపాను, సిటిజన్ గడిలో నేనే టిక్కు పెట్టాను, ఆమె చూడలేదు, ఆమె సిటిజన్ కాదని నాకు తెలుసు. కింద సంతకం. కౌంటీ వాళ్ళిచ్చిన అనుమతి తిరిగిచ్చేసింది. సంఘం కమిటీకి వెళ్ళి తనే చెప్పింది. ఇంక మీరు రెస్ట్ తీసుకోండి ఆంటీ అన్నారట వాళ్ళు, మర్యాదగా. ఆ ఏడు కాంగ్రెస్‌మన్ పార్టీవాళ్ళు తమ రాష్ట్ర మహాసభకి ఆవిడని పిలుద్దామనుకున్నారు, అదీ పోయింది. బట్టతలాయన మళ్ళీ ఫోన్ చేయలేదు. ఈ సంగతులేవీ పొద్దున్న గ్రూప్‌లో ఎవరూ రాయలేదు.

మా ఆయన ఇంటర్వ్యూ ముందు అయిపోయింది, ఇబ్బంది లేకుండా. నాది నెల తర్వాత. ఆవిడ తనూ వస్తానంది. లోపలికి రానివ్వరని చెప్పినా వినలేదు. కారులో ముందు సీట్లో కూర్చుని, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఇమిగ్రేషన్ ఆఫీస్ హాల్లో నిండా జనం ఉన్నారు. ఆవిడ బొటనవేలు కదల్లేదు.

లోపల ఆఫీసరు నడివయసు ఆవిడ. ఒక్కో ప్రశ్నా చదువుతూ టిక్కు పెట్టుకుంటూ పోతోంది. అన్నిటికీ లేదు, లేదు అంటున్నాను. ఆ ప్రశ్న వచ్చింది.

"అవును" అన్నాను.

పెన్ను ఆగింది. ఆఫీసరు తలెత్తి చూసింది. ఉత్తరం, కౌంటీ కాగితం ముందుకు తోశాను. చదివింది. మళ్ళీ చదివింది. "ఇక్కడే ఉండండి" అని ఫైలు తీసుకుని బయటికెళ్ళి తలుపు వేసేసింది. నేను ఆ గదిలో ఒక్కదాన్నే. పాపకి జడ ఎవరు వేస్తారు అనుకున్నాను. అంతకుమించి బుర్ర పనిచేయలేదు. జడ మా ఆయనకి రాదు, ఎంత చెప్పినా రాదు, రబ్బరుబ్యాండు జారిపోతుంది. అదే తిరిగింది బుర్రలో ఎంతసేపో.

తలుపు తెరుచుకుంది. "ఈ ఉత్తరం రాసినావిడ ఇప్పుడెక్కడున్నారు?" అనడిగింది.

"బయట హాల్లో కూర్చున్నారు."

ఆఫీసరు ఆగి, ఉత్తరం ఫైల్లో పెట్టింది. "మీరెప్పుడైనా ఓటు వేశారా?"

"లేదు. ఎప్పుడూ లేదు."

ఏదో రాసుకుంది. తర్వాత ఒక కాగితం నా వైపు తిప్పింది. పాసయ్యానని, ప్రమాణానికి పిలుస్తామని ఉంది అందులో. ప్రతి అక్షరం చదివాను. ఆఫీసరు ఓపిగ్గా కూర్చుంది.

బయటికొచ్చేసరికి మా ఆయన లేచి నిలబడ్డాడు. కాగితం చూపిస్తే గోడకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆంటీ మాత్రం కాగితం వైపు చూడలేదు. నా మొహమే చూస్తోంది. పార్కింగ్ లాట్‌లో కారు దగ్గరికొచ్చాక నా మోచెయ్యి పట్టుకుంది.

"నా గురించి అడిగారా?"

"ఎక్కడున్నారని అడిగారు."

"ఏం చెప్పావు?"

"బయట కూర్చున్నారని చెప్పాను."

తలూపింది. మా ఆయన కారు తలుపు తీసినా ఎక్కలేదు. ఆఫీస్ గుమ్మం వైపు చూస్తూ, ఎవరైనా వెనకాల వస్తారేమోనని కాసేపు అలాగే నిలబడింది. ఎవరూ రాలేదు. అప్పుడు హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ప్లాస్టిక్ కవర్ ఒకటి తీసింది. అందులో ఆవిడ సొంత సిటిజన్‌షిప్ సర్టిఫికెట్. మూలల్లో పసుపెక్కిపోయింది. నలుపు తెలుపు ఫొటోలో అప్పటి ఆవిడే, రెండు జడల పిల్ల, నాకంటే చిన్నది, కెమెరా వైపు బెదురుగా చూస్తోంది.

"ఇదెందుకు తెచ్చారాంటీ?"

"అడిగితే ఇచ్చేద్దామని" అంది. "ఒరిజినలే తెచ్చాను. జిరాక్స్ అయితే తీసుకోరు కదా."